చెరిపిన జవాబులు

జూన్ 5, సోమవారం

ఇరవై ప్రశ్నలు. మూడు నెలలుగా వీటి అనువాదంతోనే కాపురం. పెళ్ళైన కొత్తలో మావారితో కూడా ఇంతసేపు కూర్చోలేదు.

ఇవాళ ఆరోసారి అనువాదం మార్చాం. పదకొండో ప్రశ్న ఇంగ్లీషులో ముత్యంలా ఉంటుంది. మన భాషలో పెట్టేసరికి కోర్టు నోటీసైపోతోంది. గత రెండు వారములలో మీ మానసిక స్థితి క్షీణించినట్లు గమనించితిరా అని రాసిచ్చాడు అనువాదకుడు. గమనించితిరా! ఏ మనిషైనా ఇంకో మనిషిని ఇలా అడుగుతాడా? కొట్టేసి, మనసు బాగోలేదనిపించిందా అని రాశాను. మరీ వంటింటి భాషలా ఉందన్నారు ప్రొఫెసర్ గారు. బాధపడేవాళ్ళు సగంమంది అక్కడే ఉంటారండీ అన్నాను. ఆయన నవ్వలేదు.

అసలు పనేమిటో ఒకసారి రాసి పెట్టుకుంటాను. పేపర్ల మధ్య పడి నాకే మరుపొస్తోంది. పెద్దవాళ్ళలో మనోవేదన ఎంతుందో కొలిచే ఫారం ఇది. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం అరవై. పద్దెనిమిది దాటితే ఆ మనిషిని డాక్టరు చూడాలి. అయితే ఇది కొలిచేది వేదననేనా, ఇంకేదైనానా? అది తేల్చడం నా ఉద్యోగం. బస్ డిపోలో రెండువందల నలభై మంది డ్రైవర్లు ఫారం నింపుతారు. వాళ్ళలోంచి చీటీలు తీసి ఎనభై మందిని మా సైకియాట్రిస్టు డాక్టరమ్మ విడిగా కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడుతుంది. ఆమె ఫారాలు చూడదు. ఆమె రాసుకున్నది నేను చూడను. చివర్లో రెండూ పక్కపక్కన పెడతాం. కలిస్తే ఫారం పనికొస్తుంది. కలవకపోతే మూడేళ్ళ పని నీళ్ళపాలు.

జూన్ 7, బుధవారం

ఫారాన్ని అత్తగారి మీద ప్రయోగించాను. బుద్ధి తక్కువై.

దేనిమీదా ఆసక్తి లేదనిపించిందా అని అడిగితే, ఆసక్తి ఉంటే మాత్రం నన్నేం చెయ్యనిస్తారే మీరు అన్నారు. నిద్ర సరిగ్గా పడుతోందా అంటే, మీ ఆయన గురక గోడ దాటి రాకపోతే పడుతుంది అన్నారు. మీ మీద మీకు కోపం వచ్చిందా అంటే, మీరంతా ఉండగా నా మీద నాకెందుకొస్తుంది అన్నారు. ఇరవై ప్రశ్నలకీ ఒక్క అంకె రాలేదు. ఇరవై కథలొచ్చాయి. మావారు ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. ఆ మూల కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటూ నవ్వాపుకోలేక ఛస్తున్నారు.

అంతా అయ్యాక, ఇదెవరు చదువుతారు అని అడిగారావిడ. నేనే అన్నాను. మొదటే చెప్పొద్దూ, కాస్త మంచిగా చెప్పేదాన్ని కదా అని నొచ్చుకున్నారు.

జూన్ 19, సోమవారం. ఉదయం 6.30

డిపోలో డ్రైవర్ల విశ్రాంతి గది. పొడుగాటి బెంచీలు, గోడకి డ్యూటీ చార్టు, డీజిలు వాసన, ఆరని యూనిఫారాల వాసన. ఫారాలు మెషిన్ చదువుతుంది కాబట్టి పెన్సిల్‌తో గుండ్రాలు నింపాలి. వెనక రబ్బరున్న పసుపుపచ్చ పెన్సిళ్ళు పంచాను. ఫారం పైన స్టాఫ్ నంబరు గడి ఉంది. అది కూడా నింపమన్నాను. తర్వాత ఆ గడిని కత్తిరించేసి, నంబర్ని నా రిజిస్టరులోకి ఎక్కిస్తాను.

మీ మీద మీకు పట్టు తప్పుతున్నట్టుందా అన్న ప్రశ్న దగ్గర ఒకాయన చెయ్యెత్తి, పట్టంటే స్టీరింగ్ మీదా మేడం అని అడిగాడు. అందరూ నవ్వారు. కాదు, మీ మీద మీకు అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు.

వివరాలు ఎవరికీ ఇవ్వం, అంతా రహస్యం అని మూడుసార్లు చెప్పాను. మూడోసారి వెనక బెంచీలో ఎవరో దగ్గారు. డిపో మేనేజరు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెళ్ళండి అనలేదు నేను. ఆయన డిపోలోంచి ఆయన్ని ఎలా వెళ్ళమంటాను?

జూన్ 23, శుక్రవారం

సున్నా. సున్నా. సున్నా. ఒకటి. సున్నా.

జూన్ 30, శుక్రవారం

రెండువందల నలభై ఫారాలూ వచ్చేశాయి. మధ్య స్కోరు నాలుగు. అరవైకి నాలుగు! తెల్లవారక ముందే లేచి, పన్నెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చుని, ప్రయాణికులతో తిట్లు తిని ఇంటికెళ్ళే మనుషులు. వీళ్ళకంటే ప్రశాంతంగా ఎవరూ లేరట లోకంలో. నేను నింపితేనే పదకొండొచ్చింది.

ప్రొఫెసర్ గారు మాత్రం మబ్బుల్లో ఉన్నారు. ఆల్ఫా 0.93 వచ్చింది. ఆల్ఫా అంటే ఫారంలో ప్రశ్నలన్నీ ఒకే మాట మీద ఉన్నాయా లేదా చెప్పే అంకె. 0.9 దాటితే పండగ. నేను చెప్పబోయాను. చాలామంది అన్నిటికీ లేదు అని, కొద్దిమంది అన్నిటికీ అవును అని అంటే, ఆల్ఫా దానంతటదే ఆకాశాన్నంటుంది, అందరూ కలిసి ఒకే అబద్ధం చెప్పినా అది అంతే అందంగా వస్తుంది అని. మీకు ఏది మంచిగా జరిగినా అనుమానమే అన్నారు.

ఒళ్ళు మండింది. టీ కూడా తాగకుండా వచ్చేశాను. దానివల్ల తలనొప్పి తప్ప ఆయనకేం నష్టం జరగలేదు.

జులై 4, మంగళవారం

మెషిన్ ముప్ఫై ఏడు ఫారాలు తిప్పికొట్టింది. మరకలున్నాయి, చదవలేనంది. వాటిని చేత్తో ఎక్కించే పని నా నెత్తిన పడింది.

142వ ఫారం. పంతొమ్మిదో ప్రశ్న: బతికి ఏం లాభం అనిపించిందా? ఎప్పుడూ లేదు అన్న గుండ్రం శుభ్రంగా నింపి ఉంది. దాని వరసలోనే చివర, దాదాపు రోజూ అన్న గుండ్రం దగ్గర కాగితం పల్చబడిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. పెన్సిల్ దిగిన గుంట స్పష్టంగా ఉంది. గట్టిగా నింపాడు. అంతకంటే గట్టిగా చెరిపాడు.

ఆ ప్రశ్నకి ఎప్పుడూ లేదు కాక ఇంకేం నింపినా అదే రోజు డాక్టరమ్మకి చెప్పాలి. అది రూలు. కానీ ఇతను నింపింది ఎప్పుడూ లేదు అని. చీటీల్లో వచ్చిన ఎనభై ఫారం నంబర్లలో కూడా ఇది లేదు. అంటే ఈ కాగితాన్ని చూసే మనిషిని నేనొక్కదాన్నే.

ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. చివరి జవాబే జవాబు అన్నారు. మనసు మార్చుకునే హక్కు మనిషికి ఉంటుంది, దాన్ని మనం గౌరవించాలి అన్నారు. వినడానికి ఎంత బాగుందో.

జులై 5, బుధవారం

చివరి జవాబే జవాబు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో. ఒక్కసారీ నమ్మకం కుదరలేదు.

జులై 6, గురువారం. సాయంత్రం

చేశాను. ఏమైతే అదైంది.

ఫారం నంబరుకీ స్టాఫ్ నంబరుకీ పేరుకీ లంకె చూపే రిజిస్టరు నా స్టీలు బీరువాలోనే ఉంటుంది. దాన్ని తెరిచి పేరు చూడకూడదు. తెరిచాను. డిపోకి ఫోన్ చేసి ఆయన డ్యూటీ టైము కనుక్కున్నాను.

రెండున్నరకి వెళితే యార్డులో ఆపిన బస్సులో, డ్రైవరు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చేతులకి తెల్లటి నూలు గ్లౌజులు. ఉక్కపోస్తున్నా తీయలేదు. ఫారం మేడమా, ఏమైనా తప్పు నింపానా అని అడిగాడు. తప్పు నింపలేదు, ఒప్పు చెరిపారేమో కనుక్కుందామని వచ్చాను అన్నాను. దారంతా ఏం మాట్లాడాలో అల్లుకుంటూ వచ్చి, చివరికి నోట్లోంచి ఊడిపడ్డది ఇది. తెలివితేటలు చూపించే సమయమా!

ఏం లేదమ్మా, చెయ్యి జారింది అన్నాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. లేవలేదు. చివరికి ఆయనే, ఆ కాగితం ఎక్కడికి పోతుందో మీకు తెలీదమ్మా, మాకు తెలుసు అన్నాడు.

ఎక్కడికీ పోదన్నాను. నవ్వాడు. మీరు రాకముందు రోజు గేటు మీటింగులో మేనేజరే చెప్పాడు కదా, మార్కులు ఎక్కువొచ్చినవాళ్ళ జాబితా ఆఫీసుకొస్తుంది, వాళ్ళని స్టీరింగ్ దింపి బస్సులు కడిగే వాషింగ్‌కి పంపుతారు అని. మీకు చెప్పలేదా అని నన్నే అడిగాడు. నన్ను చూసి జాలిపడ్డట్టు అడిగాడు. అక్కడ నిలబడి రహస్యం రహస్యం అని మూడుసార్లు చిలకపలుకులు పలికింది నేనే కదా.

తర్వాత చెప్పాడు. ఎనిమిది నెలల కింద ఒకావిడ రోడ్డు దాటుతూ ఆయన బస్సు కింద పడింది. ఆయన తప్పేం లేదని విచారణలో తేలింది. వారానికల్లా డ్యూటీ ఇచ్చారు. అదే రూటు, అదే మలుపు. రోజుకి ఆరుసార్లు. అప్పటి నుంచి అరచేతులకి చెమటలు, అందుకే గ్లౌజులు. జనం ఉన్నంతసేపూ బాగానే ఉంటానమ్మా, వాళ్ళని దింపేదాకా నాకేం కాదు అన్నాడు. చివరి ట్రిప్పు అయ్యాక ఖాళీ బండి తెస్తూ వంతెన మీద ఆపుతాను, ఎందుకు ఆపుతానో అడక్కండి అన్నాడు. ఇంట్లో తెలుసా అంటే, ఇంట్లో లేటెందుకైందని అడుగుతారు, ట్రాఫిక్ అంటాను అన్నాడు.

ఇవాళే మా డాక్టరమ్మని కలవండి, నేను కూడా వస్తాను అన్నాను. అయితే నా కాగితం నాకిచ్చేయండి అన్నాడు. బ్యాగులోంచి తీసి ఇచ్చేశాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం ట్రిప్పుకి వేరేవాణ్ణి అడుగుతానని కిందికి దిగాడు.

ఆటోలో ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. డాక్టరమ్మ ఆయన్ని గంటన్నర ఉంచుకుంది. ఆయన భార్యకి కూడా ఫోన్ చేయించి పిలిపించింది. ఆవిడ వచ్చి బయట నా పక్కనే కూర్చుంది. ట్రాఫిక్ అనేవాడమ్మా, ట్రాఫిక్ అంటే నమ్మాను అంటూనే ఉంది.

నాలుగు వారాలు విశ్రాంతి అవసరం, వైద్య కారణాలు అని రాసిచ్చింది డాక్టరమ్మ. అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు. వెళ్ళేటప్పుడు, మంచిపని చేశావక్కా, ఇప్పుడు నీ స్టడీ సంగతేంటి అంది. ఏమో.

జులై 7, శుక్రవారం

ప్రొఫెసర్ గారి గదిలో ముప్పావుగంట.

రెండువందల నలభై కాదు, రెండువందల ముప్ఫై తొమ్మిది అని చెప్పాను. ఎందుకో చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత అరిచారు. రిజిస్టరు తెరిచావు, ఫారం ఇచ్చేశావు, ఇంకేం మిగిల్చావు అన్నారు. పన్నెండేళ్ళలో నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి.

జాబితా సంగతి నిజమేనా అని అడిగాను. ఫైలు తీసి చూపించారు. డిపోతో ఒప్పందం, ఏడో షరతు. ప్రయాణికుల భద్రత దృష్ట్యా, పద్దెనిమిది దాటినవారి వివరాలు యాజమాన్యానికి అందజేయాలి. కింద ఆయన సంతకం. డ్రైవర్లతో మేం సంతకం పెట్టించుకున్న కాగితంలో మాత్రం అంతా రహస్యం అని ఉంది. దాని కింద నా సంతకం.

ఆయన దుర్మార్గుడేం కాదు. అదే నా బాధ. ఒప్పుకోకపోతే మేనేజరు డిపోలో అడుగే పెట్టనిచ్చేవాడు కాదు అన్నారు. అయినా ఆ షరతులో తప్పేముంది, నలభై మార్కులొచ్చిన డ్రైవరు నడుపుతుంటే మీ అత్తగారిని ఆ బస్సెక్కిస్తావా అన్నారు. జవాబు దొరకలేదు. నిజంగా దొరకలేదు.

ఇంటికొచ్చి అత్తగారినే అడిగాను. మనసు బాగున్న డ్రైవరు కోసం చూస్తే ఇక నేను నడిచే పోవాలి అన్నారు. ఆయన ఆ రోజు సరిగ్గా నడిపితే చాలునే నాకు అన్నారు. ఇది పేపర్లో రాయలేను.

జులై 10, సోమవారం

జవాబు దొరికింది. మూడు రోజులు లేటుగా, బాత్రూంలో తల తడుపుకుంటుండగా. జాబితా వెళుతుందని తెలిస్తే బాధలో ఉన్నవాళ్ళు సున్నాలు నింపుతారు. ఇక జాబితాలో మిగిలేది నిజం చెప్పినవాళ్ళే. వాళ్ళని వాషింగ్‌కి పంపి, సున్నాలు నింపినవాళ్ళ చేతిలో స్టీరింగ్ పెడతాం. దీని వల్ల ఏ ప్రయాణికుడు భద్రంగా ఉంటాడు?

తడి తలతోనే ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఎత్తలేదు.

జులై 16, ఆదివారం

ఫారాలన్నీ ఇంటికి తెచ్చాను. ఇది కూడా రూలుకి విరుద్ధమే. ఇప్పుడు లెక్కపెట్టడం మానేశాను.

మావారికి చూపించాను. ప్రూఫ్‌రీడర్లు కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని చూడరట. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూశారు. వెలుగు పక్కనుంచి పడితే గుంటలన్నీ నీడలు కట్టాయి. ఇదిగో, ఇక్కడ, ఇక్కడా అని వేలు పెట్టి చూపిస్తుంటే నేను రాసుకున్నాను. భోజనానికి లేవకుండా సాయంత్రం దాకా చూశాం. అత్తగారు వచ్చి, సెలవు రోజు మొగుడూ పెళ్ళాం కూర్చుని చూసుకునేవి ఇవా అని ముక్కున వేలేసుకున్నారు. కాసేపటికి కళ్ళజోడు తెచ్చుకుని ఆవిడా ఒక కట్ట తీసుకున్నారు.

రెండువందల ముప్ఫై తొమ్మిదిలో తొంభై నాలుగు ఫారాల్లో చెరిపిన గుర్తులున్నాయి. తప్పు నింపి చెరిపితే అటూ ఇటూ ఉండాలి కదా. ఒక్కటంటే ఒక్కటి కూడా తక్కువ నుంచి ఎక్కువకి లేదు. అన్నీ కిందికే. రోజూ నుంచి ఎప్పుడూ లేదుకి. తరచుగా నుంచి ఎప్పుడూ లేదుకి.

వాళ్ళు మొదట నిజమే నింపారు. తర్వాత తలెత్తి గుమ్మం వైపు చూసి ఉంటారు.

జులై 24, సోమవారం

డాక్టరమ్మ తను రాసుకున్నవి పెట్టి అంటించిన కవర్లు తెరిచాం. ఎనభై మందిలో ఆమె లెక్కన వేదనలో ఉన్నవాళ్ళు ఇరవై ఏడుగురు. మన ఫారం పట్టుకున్నది ఎనిమిది మందిని. ఇరవై ఏడుకి ఎనిమిది! కళ్ళు మూసుకుని చీటీలు తీసినా ఇంతకంటే మెరుగ్గా వచ్చేదేమో.

అప్పుడు నా రెండో షీటు తీశాను. చెరిపిన జవాబుల్ని తిరిగి వాటి స్థానంలో పెట్టి కూడితే ఎంతొస్తుందో లెక్క కట్టింది. ఇరవై ఏడుకి ఇరవై.

ప్రొఫెసర్ గారు ఆ షీటుని చాలాసేపు చూశారు. చెరిపింది డేటా కాదు అన్నారు. కానీ ఈసారి గొంతులో అరుపు లేదు. ప్రశ్నలు బాగానే ఉన్నాయి సార్, మనమే బాగోలేం అన్నాను. అనుకోకుండా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఏడో షరతు ఎత్తేద్దాం అని మాత్రం అనలేదు. మొదటి ఎనిమిదితోనే పేపర్ రాద్దాం, లోపాలు చెప్పుకునే లిమిటేషన్స్ భాగంలో ఒక వాక్యం పెడదాం అన్నారు.

ఒక వాక్యం! అంతసేపు కళ్ళజోడు తుడిచి చివరికి ఒక వాక్యం. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడకి ఆయన అవార్డులున్నాయి.

జులై 28, శుక్రవారం. మధ్యాహ్నం 12.10

మేనేజరు స్వయంగా వచ్చాడు, జాబితా కోసం. పద్దెనిమిది దాటినవాళ్ళు మొత్తం ఇరవై ఒక్కమంది. ప్రొఫెసర్ గారు ఊళ్ళో లేరు. మేడం, ఫార్మాలిటీయే కదా, ఒక కాపీ కొట్టివ్వండి అన్నాడు. గ్లౌజులాయన నెల రోజులు సెలవు పెట్టాడు, ఆయన పేరు కూడా ఉందా మేడం అని నవ్వుతూ అడిగాడు.

కాఫీ తెప్పిస్తాను, కూర్చోండి అన్నాను. బీరువా తెరిచి రిజిస్టరు తీసుకుని జిరాక్సు గదికి వెళ్ళాను. జిరాక్సు మెషిన్ పక్కన కాగితాలు తురిమే మెషిన్ ఉంటుంది. రిజిస్టరు అట్ట గట్టిది. అది పట్టలేదు. చింపి చింపి ఒక్కో పేజీ పెట్టాను. పద్నాలుగు పేజీలు. మధ్యలో ఒకసారి ఇరుక్కుంది. స్కేలుతో పొడిచి తీశాను. ఇంకో కాపీ ఎక్కడా లేదు. నాకు తెలుసు. దాచింది నేనే కదా.

తిరిగొచ్చి, జాబితా లేదండీ, ఇక తయారు చేయడం కుదరదు అన్నాను. ఆయన కాఫీ పూర్తిగా తాగాకే అర్థం చేసుకున్నాడు.

12.55

పరిశోధనల్లో నీతినియమాలు చూసే ఎథిక్స్ కమిటీకి ఉత్తరం రాస్తున్నాను. ఏడో షరతు గురించి మొదటి పేరా. నేను చేసిన నాలుగు తప్పుల గురించి రెండో పేరా. రెండోదే పొడుగ్గా వస్తోంది.

ఆగస్టు 1, మంగళవారం

నా తాళంచెవులు తీసుకున్నారు.

ఆగస్టు 9, బుధవారం

స్టడీ ఆపేశారు. నన్ను విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. మావారు పొద్దున్నే వెళ్ళిపోతారు. అత్తగారు, నేను. ఎవరైనా అడిగితే మా కోడలు సెలవు పెట్టిందని చెబుతున్నారావిడ. సెలవు కాదత్తయ్యా అంటే, నువ్వూరుకో, వాళ్ళకెందుకు అన్నీ అంటున్నారు.

సంజాయిషీ నాలుగుసార్లు రాసి చింపేశాను. ప్రతిసారీ నేనే కరెక్టన్నట్టు వస్తోంది. నేను కరెక్టు కాదు. రిజిస్టరు చింపడంతో డాక్టరమ్మ గుర్తించిన ఇరవై ఏడుగురికీ, వాళ్ళ ఫారాలకీ లంకె తెగిపోయింది, ఇక ఏ లెక్కా తిరిగి సరిచూడలేం. మూడేళ్ళ పని. అందులో డేటా ఎక్కించిన ఇద్దరమ్మాయిల పీహెచ్‌డీలు కూడా ఉన్నాయి. ఒకమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. అక్కా, ఇంకో దారి లేకపోయిందా అని అడిగింది. ఉందేమో. ఆ పన్నెండు గంటల పది నిమిషాలకి నాకు తోచలేదు.

ఆగస్టు 21, సోమవారం

కమిటీ ముందు గంటసేపు. ఐదుగురున్నారు. ఒకాయన, మీరు భావోద్వేగంతో ప్రవర్తించారని అనుకోవచ్చా అని అడిగారు. సున్నా నుంచి మూడు దాకా ఎంతండీ అని అడగాలనిపించింది.

నేను బయటికొస్తుంటే ప్రొఫెసర్ గారిని పిలిచారు. గుమ్మంలో ఎదురుపడ్డాం. ఆయన చేతిలో నా రెండో షీటు ఉంది. చెరిపిన జవాబులది.

సెప్టెంబరు 12, మంగళవారం

తీర్పు వచ్చింది. నాకు మెమో, ఏడాది పాటు ప్రమోషన్ లేదు, పాత డేటా మీద వచ్చే ఏ పేపర్‌లోనూ నా పేరుండదు. ఏడో షరతు రద్దు. స్టడీ మళ్ళీ మొదటి నుంచి. అమ్మాయిలిద్దరికీ ఇంకో ఏడాది గడువిచ్చారు.

ఆ షీటు కమిటీ ముందు పెట్టింది ప్రొఫెసర్ గారేనట. డాక్టరమ్మ చెప్పింది. ఏడో షరతు కింద నేను సంతకం పెట్టకుండా ఉండాల్సింది అన్నారట. నాతో మాత్రం ఇప్పటికీ మాట్లాడరు. ఫైళ్ళ మీద స్లిప్పులు పెట్టి పంపుతున్నారు. ఇవాళ్టి స్లిప్పు మీద మళ్ళీ మీరు అని ఉంది. చదివి, ఏడవాలో నవ్వాలో తెలీక బల్ల సర్దుకున్నాను.

సెప్టెంబరు 20, బుధవారం

గ్లౌజులాయన డాక్టరమ్మ దగ్గరికి వస్తే వరండాలో కనబడ్డాడు. పూర్తిగా బాగైపోలేదట. మాత్రలకి నోరు ఎండిపోతోందట. డిపోలో వేరే రూటు అడిగి తీసుకున్నాడు. ఆ మలుపు లేని రూటు. భార్య రోజూ సాయంత్రం చివరి స్టాపు దగ్గర ఎక్కి, ఖాళీ బస్సులో డిపో దాకా ఆయనతో వస్తుందట. ప్రయాణికులు ఎక్కకూడని ట్రిప్పు కదా, ఎవరూ ఏమనరా అన్నాను. ఎవరేమంటారో చూద్దామనే కూర్చుంటోందమ్మా అన్నాడు.

అక్టోబరు 9, సోమవారం

రెండో రౌండ్ మొదలు. డిపోలో కాదు, ఎదురుగా ఉన్న లైబ్రరీ మేడ మీద. మేనేజర్ని అక్కడికి రానని రాసిమ్మన్నాను, ఇచ్చాడు. స్టాఫ్ నంబరు గడి తీసేశాం. సంచీలో ఒకే అంకె ఉన్న జంట బిళ్ళలు పెట్టాం. ఒకటి ఫారానికి గుచ్చాలి, చీటీ వస్తే రెండోది డాక్టరమ్మకివ్వాలి. ఎవరి అంకె ఏదో వాళ్ళకే తెలుసు. అందరికీ ఆమె ఫోన్ నంబరున్న కాగితం ఇచ్చాం, మార్కులు ఎన్నొచ్చినా సరే.

ముందు నేను లేచి నిలబడి, పోయినసారి మీకు అబద్ధం చెప్పాను అన్నాను. అప్పుడు నాకు తెలీదు, కానీ చెప్పింది అబద్ధమే అన్నాను. ముందు బెంచీలో ఒకాయన, సర్లెండి మేడం, మేం కూడా మీకు అబద్ధమే చెప్పాం, చెల్లుకు చెల్లు అన్నాడు.

చాలాసేపు తీసుకున్నారు. పోయినసారి పది నిమిషాల్లో ఇచ్చేసినవాళ్ళు ఈసారి అరగంటైనా తలెత్తలేదు. ఒకాయన పంతొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను వేరే వైపు తిరిగాను.

అక్టోబరు 27, శుక్రవారం

మెషిన్ పాడైంది. మెకానిక్ రేపొస్తానని నాలుగు రోజులైంది. ఈ ప్రపంచంలో ఏ పనీ సజావుగా జరగదా?

నవంబరు 6, సోమవారం. ఉదయం 11.20

లైబ్రరీ మేడ మీదే కూర్చుని లెక్క చూశాను. నూట ఎనభై ఏడు ఫారాలు. మధ్య స్కోరు పదిహేడు. పద్దెనిమిది దాటినవాళ్ళు సగానికి కాస్త తక్కువ. డాక్టరమ్మ ముప్ఫై ఒక్కరిని గుర్తిస్తే ఫారం ఇరవై ఆరుగురిని పట్టుకుంది.

గట్టిగా అరిచాను. కుర్చీ వెనక్కి పడింది. పక్కగది లైబ్రేరియన్ పరిగెత్తుకొచ్చి, ఏమ్మా ఏదో శుభవార్తలా ఉంది అంది.

ఎనభై తొమ్మిది మందికి బాగోలేదండీ అన్నాను. నవ్వుతూ.